మడతపడని కత్తి

అయ్య పోయిన పదో రోజు, చంపావతి ఏటి ఒడ్డున, బంధువులందరూ చూస్తుండగా నేను మా మేనమామ మీద గొంతు చించుకుని అరిచాను. తల గొరిగించుకోడానికి నీళ్ళ పక్కన రాతి మీద కూర్చుని ఉన్నాను. మా ఇళ్ళల్లో తండ్రి పోతే కొడుకు తల మేనమామే గొరగాలి. సింహాచలం మావ సంచిలోంచి బ్లేడు కత్తి తియ్యబోతుంటే, వెనకనుంచి మా అమ్మ వచ్చి పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఈడి కత్తి ఇందులోనే ఉన్నాది. దీంతోటే గొరుగు తమ్ముడా" అంది. డబ్బా మూత తియ్యగానే ఆముదం వాసన గుప్పుమంది. లోపల నల్లటి తోలుపట్టా చుట్ట, దాని మధ్యలో నూనెగుడ్డ, గుడ్డలో నా జపాను కత్తి. మా ఊళ్ళో ఏ చెత్తకుప్పలోనో తుప్పుపట్టి ఉంటుందనుకున్న కత్తి. మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటిదీ, ఇలగున్నాది?" అంటూనే, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ దాన్ని మూద్దామని అలుగు వీపు మీద, పదును లేని పక్క, అరచెయ్యి వేశాడు.

"మావా! అది మడతపడదు!"

ఎంత గట్టిగా అరిచానంటే మంత్రం చెబుతున్న అయ్యవారు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మావ ఉలిక్కిపడి కత్తిని తువ్వాలు మీద పడేశాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! దానికంత కేకేటిరా? మెల్లగ సెప్తే సచ్చిపోతానా?" అన్నాడు. అందరూ నవ్వారు. పాపం, తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నాడు అని కూడా ఎవరో అన్నారు. నేను నవ్వలేదు, అమ్మ నవ్వలేదు. ఆ రెండు ముక్కలు నేను ఎనిమిదేళ్ళ కిందట, మా ఇంటి సావిట్లో, అయ్యతో అనాల్సినవి. అప్పుడు నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మా అయ్య పేరు పోలయ్య. గజపతినగరం బజారులో ఆయన షాపు. ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక బల్ల. ఆయన చెయ్యి ఎంత మెత్తనో ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఎడం బొటనవేలితో బుగ్గ చర్మాన్ని పైకి లాగి పట్టి, కుడిచేత్తో కత్తిని అలా జార్చేస్తుంటే గిరాకీలు కుర్చీలోనే గుర్రు పెట్టేవాళ్ళు. కిరాణా షావుకార్లు ఆయన దగ్గరికి తప్ప ఇంకొకరి దగ్గరికి వెళ్ళేవాళ్ళు కాదు. "పోలిగాడు గెడ్డం గీస్తే ఈగ వాలినట్టు కూడా ఉండదు" అనేవాళ్ళు. అదే చెయ్యి ఇంటికొస్తే ఎలా ఉండేదో మా అమ్మ వీపుకి తెలుసు. నా వీపుకీ తెలుసు. ఊరికి మెత్తన, మాకు ఇనుము. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆయన దగ్గర ఒక మడతకత్తి ఉండేది, మా తాతది. ఆ కత్తికి పదును పట్టే తోలుపట్టా కూడా తాతదే. గేదెతోలు, మూరెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఆముదం తాగి తాగి నల్లగా అద్దంలా ఉండేది. నేను చెప్తున్న రోజులకి షాపుల్లో ఆ కత్తితో పని లేదు. రోగాలంటుకుంటాయన్న భయంతో ప్రతివాడూ కొత్త బ్లేడు వెయ్యమనేవాడు, కళ్ళముందే కాగితం చింపి వెయ్యమనేవాడు. అయినా పదో రోజు తలలు గొరగడానికీ, పల్లెల్లో నలుగురైదుగురు ముసలి రైతులకీ అయ్య తాత కత్తే వాడేవాడు. షాపులో ఉంచితే ఎలుకలు కొరుకుతాయని పట్టాని రోజూ ఇంటికి తెచ్చేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి సావిట్లో కిటికీ ఊచకి పట్టా తగిలించి, ఎడం చేత్తో బిగించి లాగి పట్టుకుని, కత్తి వీపు ముందు, అంచు వెనక, అటు ఒకటి ఇటు ఒకటి. సప్... సప్... ఆ చప్పుడు వింటూ అమ్మ అన్నం వార్చేది. వారానికోసారి పట్టాకి ఆముదం రాసి ఎండకి తగలకుండా ఆరబెట్టడం కూడా ఆవిడ పనే. తనని కొట్టే పట్టాని తనే మెత్తబరిచి పెట్టేది. ఇంతకంటే అన్యాయం ఇంకోటి నేను చూడలేదు.

మా ఇంట్లో తాత పెట్టిన కట్టుబాటు ఒకటుంది. తెరిచిన కత్తి చేతిలో ఉండగా మాట్లాడకూడదు. మూసి మాట్లాడాలి. షాపులో గిరాకీ హాస్యమాడితే అయ్య ముందు కత్తి టక్కున మూసి, అప్పుడు నవ్వి, మళ్ళీ తెరిచేవాడు. మనిషికి నవ్వొచ్చినా కోపమొచ్చినా చెయ్యి అదురుతుంది, అందుకని. మంచి కట్టుబాటే, కాదనను. కానీ మా ఇంట్లో అది ఇంకోలా పనిచేసేది. సాయంత్రం పట్టా మీద కత్తి ఆడిస్తూ ఉండగా అయ్యకి ఏదో ఒకటి నచ్చేది కాదు. కూరలో ఉప్పు, అమ్మ పుట్టింటి మాట, నేను షాపులో పగలగొట్టిన సీసా, ఏదైనా సరే. సప్ సప్ ఆగిపోయేది. టక్. కత్తి మూసుకునేది. దాన్ని జాగ్రత్తగా బనీను జేబులో పెట్టుకుని, ఊచ మీంచి పట్టా తీసేవాడు. ఒక్కనాడు కూడా తెరిచిన కత్తితో మా మీదికి రాలేదు. అంత పద్ధతి గల మనిషి. ఆ టక్ వినగానే అమ్మ చేతిలో ఉన్నది కింద పెట్టేసి మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేది, ఇంకా దెబ్బ పడకుండానే. వీధిలో ఎవరో పెట్టె మూసినా అలాగే పెట్టుకునేది. ఒకసారి పెళ్ళిలో వీడియో తీసేవాడు గొడుగు మూస్తే టక్కుమంది. మా అమ్మ అంత జనంలో మొహం కప్పేసుకుంది. పక్కావిడ కంట్లో నలక పడిందా అని అడిగింది.

పెద్ద తుఫాను వచ్చి పోయిన మరుసటేడు నాకు ఇరవై నిండాయి. అప్పటికి ఫోన్లు అందరి చేతికీ వచ్చేశాయి. షాపులో గిరాకీ లేనప్పుడు నేను ఫోనులో లోకంలోని మంగళ్ళందర్నీ చూస్తూ కూర్చునేవాణ్ణి. అందులో ఒక జపాను ముసలాయన కనపడ్డాడు. ఆయన చేతిలో కత్తి మా కత్తిలా లేదు. అలుగూ పిడీ ఒకటే ఉక్కు ముక్క. పొట్టి అలుగు, పిడికి సన్నటి బెత్తం చీలిక చుట్టి ఉంది. పని అయ్యాక ఆయన దాన్ని గుడ్డతో తుడిచి చెక్కపెట్టెలో పడుకోబెట్టాడు, అంతే. మడత లేదు, చప్పుడు లేదు. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. స్నేహితులతో పదును గురించి, ఉక్కు గురించి గొప్పలు చెప్పాను గానీ అదంతా ఉత్తదే. అది టక్ అనదు. నాకు కావలసింది అదొక్కటే. నా చేతికొచ్చే కత్తి, నేను రేపు పెట్టుకోబోయే షాపులో, రేపు నా ఇంట్లో, ఆ చప్పుడు చెయ్యకూడదు.

పార్సెలు మా ఊరికి రాదన్నారు. విజయనగరంలో ఒక స్నేహితుడి చిరునామా ఇచ్చి, బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను. జపానులో చేసిందేమీ కాదు, ఆ తరహాలో ఎక్కడో చేసింది. అయితేనేం, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పసిపిల్లని తెస్తున్నట్టే ఉంది. ఇంటికి రాగానే అమ్మకి మాత్రం చూపించాను. ఆవిడ పిడి పట్టుకుని అలుగు కదపబోయింది. కదల్లేదు. "ఇది మూసుకోదేటిరా?" అంది. "మూసుకోదు. అందుకే కొన్నాను" అన్నాను. అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత దాన్ని కొంగుతో తుడిచి, "మీ అయ్యకి సూపించకు" అంది. పాత తువ్వాళ్ళ గంపలో అడుగున దాచాం.

కత్తి అయితే కొన్నాను, మరి పదును పట్టడానికి తోలేది? ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పట్టాయే. నాలుగు రోజులు ఆగాను. అయిదో రోజు అయ్య పొరుగూళ్ళో తల గొరిగి వచ్చి, భోంచేసి, పట్టా ఇంట్లోనే పెట్టి షాపుకి వెళ్ళాడు. నేను దాన్ని మేకు మీంచి తీసి కిటికీ ఊచకి తగిలించాను. అంతకుముందు నేను దాన్ని చేత్తో ముట్టింది లేదు, అదే నన్ను ముట్టేది. ఫోను గట్టున పెట్టుకుని జపాను ముసలాయన చెప్పినట్టే మొదలుపెట్టాను. ఆ కత్తి రెండు పక్కలూ ఒకలా ఉండవు, ఒక పక్క ఎక్కువసార్లు, రెండో పక్క తక్కువసార్లు ఆడించాలి. అది తెలిసే చేస్తున్నాను. కానీ నా చెయ్యి ఫోనులో మనిషి దగ్గర పెరిగింది కాదు. ఇరవై ఏళ్ళు అయ్య చేతిని చూసి పెరిగింది. నాలుగు పట్లు పట్టేసరికి నాకు తెలియకుండానే అటొకటి ఇటొకటి అందుకుంది. మా మడతకత్తిని తిప్పితే వేళ్ళ మధ్య పిడి గుండ్రంగా దొర్లి, తోలుకి అలుగు వీపే తగులుతుంది. ఈ బెత్తం చుట్టిన పిడి దొర్లలేదు. సగం తిరిగి ఆగింది, అంచు ముందుకి పడింది. పట్టా మధ్యలో గోరంత పొడుగున తోలు లేచి తెల్లటి లోపలి భాగం కనపడింది.

పొయ్యి దగ్గరనుంచి అమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. మసీ ఆముదమూ కలిపి ఆ గాటులో వేలితో రుద్దింది, తోలు రెప్ప నొక్కింది. పైకి చూస్తే ఏమీ తెలియడం లేదు. "అయ్య అడిగితే నాకు తెల్దను" అంది. "మరి నిన్ను అడిగితేనో?" అన్నాను. "నన్ను అడగడం కొత్తేటి" అంది.

కంటికి కనపడకపోయినా చేతికి తెలుస్తుంది కదా. ఆ సాయంత్రం నేను పెరట్లో నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. సప్, సప్, మూడోసారికి ఆగిపోయింది. టక్.

"ఒసే పైడీ! ఏటే ఇది?"

"ఎలక కొరికినాదేమో" అంది అమ్మ.

"ఎలక కొరుకుడు నాకు తెల్దేటే? కత్తి గాటిది. ఎవులు ముట్టినారు?"

"నానే. కూర తరిగిన కత్తి తుడుద్దామని..."

మాట పూర్తికాలేదు. మొదటి దెబ్బ పడింది. ఆ తోలు గాలిలో వచ్చేటప్పుడు ఒక చప్పుడు, ఒంటి మీద పడ్డప్పుడు ఇంకో చప్పుడు. నేను రెండూ లెక్కపెట్టగలను, చిన్నప్పటినుంచీ అదే పని. ఆ రోజు లెక్కపెట్టలేదు. తువ్వాళ్ళ గంప పెరటి గుమ్మం పక్కనే ఉంది. చెయ్యి దూర్చి కత్తి తీసుకుని లోపలికి వెళ్ళాను. తరవాత అందరికీ ఏం చెప్పానంటే, ఇదిగో ఇది నా కత్తి, గాటు పెట్టింది నేను, అని చూపించడానికే తెచ్చానని. చూపించడానికైతే గుడ్డలో పెట్టి చూపించొచ్చు. అంచు ముందుకి తిప్పి, గుప్పిట్లో బిగించి పట్టుకుని వెళ్ళేవాడు చూపించడానికి వెళ్ళడు.

అమ్మ గోడ మూల నేల మీద ముడుచుకుని ఉంది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది, చెవి దగ్గర పట్టా అచ్చు ఎర్రగా పొంగింది. అయ్య నా వైపు తిరిగాడు. పట్టా వదిలేశాడు. నా మొహం చూడలేదు, నా చేతిలో తెరిచి ఉన్న కత్తిని చూశాడు. ఆయన మొహంలో భయం లేదు. పిల్లాడు పని తప్పు చేసినప్పుడు గురువుకి వచ్చే చిరాకు, అంతే. ఆ ఇంట్లో తెరిచిన కత్తి పట్టుకుని ఎవడూ అలా నిలబడలేదు మరి.

"మూసీ" అన్నాడు. "మూసి మాటాడ్రా."

నేను మూసుకోదని చెప్పలేదు. చెప్పడానికి ఎంతసేపు? అమ్మకి చెప్పానుగా. పళ్ళు బిగించి అలాగే నిలబడ్డాను. ఆయన ఒక్క అడుగులో వచ్చి ఎడంచేత్తో నా గుప్పిటని కిందనుంచి ఒడిసి పట్టుకున్నాడు, ఆయన బొటనవేలు అంచుకి అడ్డంగా వచ్చింది. కుడి అరచేత్తో అలుగు వీపు మీద బలంగా కొట్టాడు, మూసెయ్యడానికి. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ ఆయన పట్టుకున్న ప్రతి కత్తీ అలా కొడితే పిడిలోకి దూరిపోయింది. ఇది దూరలేదు. దీనికి మేకూ లేదు, మడతా లేదు. కొట్టిన దెబ్బంతా అంచుకి వెళ్ళి, ఆయన ఎడం బొటనవేలి మొదట్లో దిగింది. చప్పుడే లేదు. నేను కోరుకున్నట్టే, ఆ కత్తి ఏ చప్పుడూ చెయ్యలేదు. నెత్తురు మాత్రం నా మోచేతి దాకా వెచ్చగా కారింది. అయ్య ఆ వేలిని కదపాలని చూశాడు. కదల్లేదు. అప్పుడు మొదటిసారి ఆయన కళ్ళల్లో భయం చూశాను. బిడ్డ చచ్చిపోయినట్టు ఆ వేలిని చూసుకున్నాడు.

గెడ్డం గీసే తువ్వాలు చుట్టి ఆటోలో విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఎలా తెగిందని అడిగితే, నేను నోరు తెరిచేలోపల అయ్యే చెప్పాడు. "కత్తి మడతెడతంటే జారిపోనాది బాబూ." చచ్చేదాకా అదే మాట చెప్పాడు. కుట్లు పడ్డాయి, గాయం మానింది, వేలు మాత్రం మళ్ళీ వంగలేదు. బుగ్గని లాగి పట్టే వేలు లేకపోతే మంగలి ఏం చేస్తాడు? షాపులో గిరాకీలు నాకొచ్చారు, ఆయన అద్దం పక్కన బల్ల మీద కూర్చుని నా చేతికేసి చూస్తుండేవాడు. ఊళ్ళో మాత్రం కొడుకు తండ్రి చెయ్యి కోసేశాడనే అనుకున్నారు. నేను కాదనేవాణ్ణి. ఆయన అలవాటే ఆయన్ని కోసింది, నేనేం చేశాను, పట్టుకుని నిలబడ్డానంతే అని. వాదించి వాదించి నన్ను నేనే నమ్మించుకున్నాను.

ఆ తరవాత మా ఇంట్లో దెబ్బ పడలేదు. ఆయన మారాడని నేను అనుకోను. కుడిచెయ్యి నిక్షేపంగానే ఉంది, కావాలంటే కొట్టగలడు. మూడు రోజులకోసారి నేనే ఆయన గెడ్డం గీసేవాణ్ణి. ఊరందరూ కళ్ళు మూసుకుని నిద్రపోయే కుర్చీలో మా అయ్య కళ్ళు మూసేవాడు కాదు. నురగ రాస్తున్నంతసేపూ, గొంతు మీద బ్లేడు నడుస్తున్నంతసేపూ, రెప్ప వెయ్యకుండా నా మణికట్టునే చూసేవాడు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు అది బాగుండేది. మా అమ్మ ఇరవై ఏళ్ళు పడ్డది ఇప్పుడు నువ్వు పడు అనుకునేవాణ్ణి. తరవాత తరవాత ఆ చూపు భరించలేక, విజయనగరం వచ్చేసి షాపు పెట్టుకున్నాను.

ఇప్పుడు నా షాపులో మూడు కుర్చీలు, ఏసీ, పాటలు. పట్టా లేదు, దాన్ని తగిలించే మేకూ లేదు. బ్లేడు విరిచి వేస్తాం, పని కాగానే డబ్బాలో పారేస్తాం. మూసి మాట్లాడాలన్న సంగతి ఎవడికీ తెలియదు. గొంతు మీద బ్లేడుండగా గిరాకీ ఫోనులో ఎవణ్ణో తిడుతుంటాడు, గీసేవాడు పాటకి తలాడిస్తుంటాడు. అయ్య చూస్తే ఇద్దర్నీ బయటికి గెంటేవాడు. పనిలో ఆయనకి ఉన్న భక్తి మాకు లేదు. కానీ సాయంత్రం ఇంటికెళ్తే నా పెళ్ళాం మొహానికి చేతులు అడ్డం పెట్టుకోదు. చెయ్యి ఎత్తబోయిన రోజులు నాకూ రెండున్నాయి. ఆ రెండు రోజులూ వీధిలోకి వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చాను. నడుముకి బెల్టు పెట్టుకోను, తోలుది ఏదీ ఇంట్లో ఉంచను.

పదో రోజున మావ చివరికి ఆ కత్తితోనే నా తల గొరిగాడు. పట్టా మీద నాలుగు పట్లు పట్టి, గాటు దగ్గర తడబడి, "ఏటిరా ఇక్కడ తెగిపోనాది?" అన్నాడు. ఒక్క చుక్క నెత్తురు రాకుండా గొరిగాడు, కత్తి అంత బాగుంది. స్నానం చేసి వచ్చి, అమ్మ పక్కన ఇసకలో కూర్చున్నాను. ఆవిడ కత్తిని తుడిచి మళ్ళీ నూనెగుడ్డలో చుడుతోంది.

"ఎందుకే ఇన్నాళ్ళూ దాచేవు?" అన్నాను.

"కావలసొస్తాదేమోనని" అంది.

నేనే మొదలుపెట్టాను. "అమ్మా, ఆ రోజు నేనేటీ చెయ్యలేదే. అయ్యే కొట్టుకున్నాడు. నేను ఊరికే..."

"అబద్దాలాడకు" అంది. కోపంగా కాదు, కూరలో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు. "నాను కిందున్నాను గదా. నా కళ్ళకి ఎదురుగా నీ గుప్పిట. ఆడు కొట్టినప్పుడు నువ్వు పిడి ఒగ్గీస్తే కత్తి కింద పడిపోయుండును. నువ్వు ఒగ్గనేదు. బిగించినావు."

నేను తలొంచుకున్నాను. గుండు మీద ఎండ చుర్రుమంటోంది. అవును, బిగించాను. ఎనిమిదేళ్ళు దాచుకున్నది ఆవిడకి ఆ నిమిషంలోనే తెలుసు.

అమ్మ డబ్బా మూత మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టింది. "ఒగ్గీరా అని నానొక్క కేకేస్తే నువ్వు ఒగ్గీసుందువు" అంది. "నోటిదాకా వొచ్చినాది. మూసుకోదని నాకూ తెలుసు గదా. ఒగ్గొద్దురా బాబూ, ఒగ్గొద్దు అనుకుంటా అలగే సూసినాను."